విందు గౌను: అందం ఎవరిది? గడువు ఎవరిది?

అందమైన వస్తువుకు పాపం అంటుతుందా? ఒక వస్తువును తయారుచేసేటప్పుడు జరిగిన అన్యాయం ఆ వస్తువుతోపాటు వస్తుందా, లేక అందం అందమే, అన్యాయం అన్యాయమే అని రెంటినీ విడదీసి చూడవచ్చునా? ఈ ప్రశ్న మన సాహిత్యచర్చల్లో కొత్తది కాదు. అయితే మనం ఎప్పుడూ తాజమహలునో, కోణార్కు గుడినో ఉదాహరణగా తీసుకుంటాం. అవి మరీ పెద్దవి, మరీ పాతవి. కట్టించినవాడూ లేడు, కట్టినవాడూ లేడు. అలాంటి చోట తీర్పు చెప్పటానికి పెద్దగా ఖర్చు లేదు. అందుచేత నేను అంతకంటె చిన్న వస్తువును తీసుకుంటాను. అది ఒక్క రాత్రి కోసం కుట్టే గౌను.

నేను చెబుతున్నది పాశ్చాత్యదేశాలలో రాచవిందులకూ, నాట్యసభలకూ స్త్రీలు వేసుకునే పొడుగాటి పట్టుగౌనును గురించి. ఈ మాట ఎత్తగానే మన మిత్రుల్లో రెండు రకాల జవాబులు వినబడతాయి. "అది తిని కూర్చునేవాళ్ల విలాసం. దాన్ని గురించి ఆలోచించటమే దండగ" అని ఒకరంటారు. "గౌను బాగుందా లేదా అన్నది చూడండి. ఎవరు కుట్టారు, ఎలా కుట్టారు అన్నది కళకు సంబంధించిన విషయం కాదు" అని రెండోవారంటారు. మొదటివారు తాము అభ్యుదయవాదులమనుకుంటారు. రెండోవారు తాము రసజ్ఞులమనుకుంటారు. వీరిద్దరి మధ్యా ఎంతో దూరం ఉన్నట్టు కనిపిస్తుంది. కాని ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమవుతున్నారు. గౌనునూ, దాన్ని వేసుకున్న మనిషినీ తప్ప మూడో మనిషిని వీరు చూడటం లేదు. సూది పట్టుకున్న మనిషి ఇద్దరి లెక్కలోనూ లేదు. ఆ మనిషిని లెక్కలోకి తెచ్చుకుంటే ప్రశ్న స్వరూపమే మారిపోతుందని నా అభిప్రాయం.

ముందుగా ఆ పని ఎలాంటిదో చూద్దాం. మంచి గౌను కుట్టేవాళ్లు పట్టుబట్టను తిన్నగా కత్తెర కిందికి తీసుకురారు. కొలతలు తీసుకున్న తరవాత చవక నూలుబట్టతో ఒక నమూనా కుడతారు. దాన్ని ఒంటిమీద వేసి, గుండుసూదులతో బిగించి, వదులుచేసి, సరిచూసి, మళ్లీ విప్పుతారు. ఆ ముక్కలను బట్టి అసలు బట్ట కత్తిరిస్తారు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, నున్నటి పట్టుకు ఒకసారి సూది గుచ్చితే గుర్తు పడుతుంది. తప్పు కుట్టు వేసి విప్పితే ఆ చిల్లుల వరస మిగిలిపోతుంది. తరవాత కచ్చాకుట్లు. ఆ తరవాత అసలు కుట్లు. పైకి గాలికి ఎగిరే పువ్వులా కనబడే రవికభాగానికి లోపల గట్టి అస్తరూ, సన్నటి బద్దలూ ఉంటాయి. భుజాలు లేని గౌను జారకుండా నిలబడేది వాటివల్లనే. ఇక కింది అంచు ఉన్నది. మూడు నాలుగు గజాల చుట్టుకొలత ఉన్న అంచును చేత్తో కుట్టాలి. ప్రతి కుట్టుకూ పైబట్టలోనుంచి ఒకే ఒక నూలుపోగును సూదితో అందుకోవాలి. రెండు పోగులు అందుకుంటే బయటికి చుక్క కనిపిస్తుంది.

అంటే ఈ విద్యలో నేర్పు అనేది కుట్టు కనబడకుండా చెయ్యటంలోనే ఉన్నది. పని ఎంత బాగా చేస్తే అంతగా ఆ పని మాయమైపోతుంది. ఇందులో తప్పేమీ లేదు. మంచి వాక్యం కూడా అంతే. రచయిత కొట్టివేసిన మాటలు పాఠకుడికి కనబడవు. కాని కుట్టును దాచటం వేరు, కుట్టినదాన్ని దాచటం వేరు. మొదటిది కళ. రెండోది వ్యాపారం. మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని నడిపించటం ఈ వృత్తి చరిత్రలో చాలాకాలంగా జరుగుతూ వచ్చింది.

ఇంకొక్క విషయం చెప్పి ముందుకు పోతాను. బట్టను ఐమూలగా కత్తిరించి గౌను కుడితే, అంచు వెయ్యటానికి ముందు దాన్ని ఒక రోజైనా వేలాడదీసి ఉంచుతారు. ఐమూల బట్ట తన బరువుకు తానే సాగుతుంది. సాగటం పూర్తికాక ముందే అంచు వేస్తే విందు నడుమ గౌను ఒకవైపు కిందికి, ఒకవైపు పైకి పోతుంది. ఎంత గొప్పింటి గౌను అయినా, ఎంత తొందరగా ఉన్నా, ఈ రోజును తగ్గించటం కుదరదు. బట్టకు కావలసిన వ్యవధి బట్టకు ఇవ్వవలసిందే. మనిషి కూడా ఒక రోజు పడుకోకపోతే సాగుతుంది, తెగుతుంది. అయితే బట్టకు ఒప్పుకున్న విరామం కుట్టే మనిషికి ఒప్పుకోకపోవటానికి కారణం ఏమిటి? బట్ట పాడైతే నష్టం దుకాణానిది. మనిషి పాడైతే ఆ నష్టం దుకాణం లెక్కల్లోకి రాదు. ఇది నా ఊహ కాదు. దీనికి రుజువు 1863లో లండను నగరంలో దొరికింది.

ఆ ఏడు మార్చి 10న ఇంగ్లండు యువరాజుకు డెన్మార్కు రాకుమారి అలెగ్జాండ్రాతో పెళ్లి జరిగింది. కొత్త రాణీవాసం వచ్చిందంటే విందులకూ, నాట్యసభలకూ కొదవేమున్నది? పిలుపులు అందుకున్న దొరసానులందరికీ ఒకే తేదీకి కొత్త గౌన్లు కావలసివచ్చాయి. రీజెంటు వీధిలో మదామ్ ఎలీజ్ అనే పేరుతో నడిచే పెద్దపేరున్న దుకాణంలో మేరీ ఆన్ వాక్లీ అనే 20 ఏళ్ల పిల్ల పనిచేస్తూ ఉండేది. ఆమె 60 మంది తోటిపిల్లలతోపాటు ఆగకుండా 26 గంటల 30 నిమిషాలు కుట్టింది. గదికి 30 మంది. వాళ్లకు కావలసిన గాలిలో మూడోవంతు కూడా ఆ గదుల్లో లేదు. పడుకునేది చెక్కలతో అడ్డుకట్టి చేసిన అరల్లో, మంచానికి ఇద్దరు చొప్పున. ఆమె శుక్రవారంనాడు జబ్బుపడి ఆదివారంనాడు చనిపోయింది. చేతిలో ఉన్న గౌను పూర్తికాలేదు.

ఎక్కువ గంటల పనివల్లా, గాలి ఆడని గదులవల్లా ఆమె చనిపోయిందని వైద్యుడు విచారణలో సాక్ష్యం చెప్పాడు. విచారణ జరిపిన పెద్దమనుషులు మాత్రం మెదడుకు రక్తం పోటెత్తి చనిపోయిందనీ, అధికమైన పని ఆ చావును తొందరపెట్టి ఉండవచ్చుననీ తేల్చారు. కార్ల్ మార్క్స్ 1867లో అచ్చయిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో ఈ పిల్లను పేరు పెట్టి చెప్పాడు. మామూలు రోజుల్లో ఈ పిల్లలు పదహారున్నర గంటలు పనిచేసేవారనీ, విందుల కాలంలో 30 గంటలదాకా కూడా ఆగకుండా కుట్టేవారనీ, నీరసించినప్పుడు వారిచేత సారాయీ, కాఫీ తాగించేవారనీ అదే చోట రాశాడు.

ఈ చావుకు బాధ్యులెవరు? అప్పటి లండను పత్రికల్లో ఈ ప్రశ్న మీద పెద్ద అలజడే జరిగింది. 'పంచ్' పత్రిక ఆ జులైలో టెన్నియల్ గీసిన బొమ్మ ఒకటి వేసింది. ఒక దొరసాని కొత్త గౌను తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడింది. అద్దంలో ఆమె నీడ వెనక కుర్చీలో వాలిపోయిన కుట్టుపని పిల్ల శవం కనిపిస్తున్నది. పక్కనే నిలబడిన దుకాణం ఆవిడ, ఎంత త్యాగమైనా చేసి గౌనును వేళకు అందించామని వినయంగా చెప్పుకుంటున్నది. గొప్ప బొమ్మ. కాని ఆ త్యాగం ఎవరు చేశారు? చేశామని చెప్పుకుంటున్నది ఎవరు? ఈ వృత్తిలోని అబద్ధమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

అయినా ఆ బొమ్మ ఒక పొరపాటు ఆలోచనకు దారితీస్తుందని నాకనిపిస్తుంది. దాన్ని చూసినవాళ్లకు దొరసాని మనస్సాక్షి ఒక్కటి మేలుకుంటే చాలునేమో అనిపిస్తుంది. ఇటువంటి జాలి లండనుకు కొత్తగా వచ్చినది కాదు. అంతకు 20 ఏళ్ల క్రితం, 1843లో, అదే 'పంచ్' పత్రిక చొక్కాలు కుట్టే పేదరాలిమీద థామస్ హుడ్ రాసిన గీతాన్ని అచ్చువేసింది. ఆ గీతం విని కన్నీరు పెట్టుకోని ఇల్లు లేదన్నంత ప్రచారం దానికి వచ్చింది. ఆ కన్నీరు ఆరిపోయిన తరవాతనే మేరీ ఆన్ చనిపోయింది. మనం రచయితలం కనక ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. కవిత్వం పాఠకుడి గుండె కరిగించగలదు. గౌను ఇవ్వవలసిన తేదీని ఒక రోజు వెనక్కి జరపటం ఒక్క కవిత్వంవల్ల కాదు.

కుట్టుమిషను ఆ పని చేస్తుందని కొందరు ఆశించారు. అమెరికాలో ఇలియాస్ హోవ్ 1846లోనూ, ఐజాక్ సింగర్ 1851లోనూ మిషన్ల మీద హక్కుపత్రాలు పొందారు. మేరీ ఆన్ చనిపోయేనాటికి మిషను కొత్తది కాదు. పొడుగు కుట్లు చేతికన్న ఎన్నో రెట్లు వేగంగా పడుతున్నాయి. మరి మిగిలిన కాలం ఏమయింది? కుట్టేదాని నిద్రలోకి వెళ్లిందా? లేదు. గౌనుమీదికి ఎక్కింది. వెనక ఒక వరస ఉన్న జాలర్లు మూడు వరసలయ్యాయి. కుచ్చులు పెరిగాయి, అల్లికలు పెరిగాయి. తేదీ మాత్రం దగ్గరికి జరిగింది. యంత్రం మిగిల్చిన గంటలు ఎవరి చేతిలో అధికారం ఉంటే వారికి చెందుతాయి. యంత్రం తనంతట తాను ఎవరికీ విశ్రాంతి పంచిపెట్టదు.

ఇక్కడ మన మిత్రులు కొందరు, "అదే మేమూ అంటున్నాం. తప్పు దొరసానిదీ కాదు, మదామ్ ఎలీజ్‌దీ కాదు, వ్యవస్థది. వ్యవస్థ మారేదాకా ఈ నీతిచర్చ అనవసరం" అనవచ్చు. వ్యవస్థ అనే మాట నిజమే. మదామ్ ఎలీజ్ దయగల మనిషి అయి ఉంటే పక్క దుకాణం ఆమె ఖాతాదారులను లాక్కుపోయేది. దొరసాని వారం ఆగుదామనుకుంటే రాచవిందు ఆమెకోసం ఆగేది కాదు. అయితే వ్యవస్థ అనేది ఆకాశంలో మబ్బులాగా వేలాడే వస్తువు కాదు. అది తేదీలుగానూ, కూలిరేట్లుగానూ, గది కొలతలుగానూ మన మధ్యకు వస్తుంది. వాటిని నిర్ణయించే చేతులు ఉంటాయి. ఆ చేతులను పట్టుకోవచ్చు. 1867లో బ్రిటిషు పార్లమెంటు చిన్న పనిశాలలకు కూడా పనిగంటల చట్టాన్ని వర్తింపజేసింది. ఆ చట్టాన్ని అమలు జరపటంలో లోటుపాట్లు చాలా ఉండేవి. అయినా ఒక విషయం తేలిపోయింది. నిన్నటిదాకా ప్రకృతి నియమంలా కనిపించిన గడువును చట్టంతో, సంఘబలంతో వెనక్కి నెట్టవచ్చు. కనక "అంతా వ్యవస్థే" అని చేతులు ముడుచుకోవటం కూడా ఒకరకం సోమరితనమే.

మరో పక్షం వారు ఉన్నారు. "ఇన్ని తంటాలెందుకు? ముతకబట్ట కట్టుకుంటే సరిపోదా?" అంటారు. మన దేశంలో ఈ వాదానికి గౌరవం ఎక్కువ. నాకూ దానిమీద గౌరవం ఉన్నది. కాని అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. సాదాబట్ట కూడా ఎవరో ఒకరు వడికితేనే, నేస్తేనే వస్తుంది. హుడ్ గీతంలోని పేదరాలు కుట్టింది మామూలు చొక్కాలే గాని విందు గౌన్లు కావు. మన ఖద్దరునే తీసుకోండి. నూలు వడికే స్త్రీలకు ముట్టేది మరీ తక్కువగా ఉన్నదనీ, వారికి బతకదగిన కూలి ఇవ్వాలనీ 1935లో గాంధీజీయే అఖిల భారత చరఖా సంఘాన్ని నిలదీయవలసి వచ్చింది. కూలి పెంచితే ఖద్దరు ధర పెరుగుతుందనీ, అమ్ముడుపోదనీ సంఘంలోనివారు భయపడ్డారు. నిరాడంబరమైన బట్టలో కూడా ఎవరి గంటలకు ఎంత అనే ప్రశ్న అలాగే ఉన్నదన్నమాట. ఆడంబరాన్ని తీసివేసినంతమాత్రాన దోపిడి తొలగిపోదు. దోపిడి ఆడంబరంలో కాపురం ఉండదు, గంటల లెక్కలో ఉంటుంది.

అదీగాక, అందమైన దుస్తులమీద కోరిక ధనికులకు మాత్రమే ఉంటుందనుకోవటం పొరపాటు. ఇంగ్లండులో బట్టల రేషను 1941 నుంచి 1949 దాకా ఉన్నది. ఆ మధ్యలో, 1947 నవంబరు 20న, ఎలిజబెత్ రాకుమారి పెళ్లి జరిగింది. ఆ గౌనును నార్మన్ హార్ట్‌నెల్ రూపొందించాడు. దానిమీద 10,000 ముత్యపు గింజలు కుట్టారు. దాదాపు 350 మంది స్త్రీలు ఏడు వారాలు పనిచేశారు. ఆ రోజుల్లో మామూలు ఇళ్లలోని ఆడవాళ్లు ఎందరో తమ సొంత రేషను కూపన్లను రాకుమారికి పంపించారు. ఒకరి కూపన్లు మరొకరు వాడటం నేరం కనక వాటిని తిరిగి పంపించివేయవలసి వచ్చింది. దీన్ని రాచరికపు మాయ అని కొట్టివేయటం తేలిక. ఆ మాయ కొంత ఉన్నది కూడా. కాని ఆరేళ్లుగా అతుకుల బట్టలు కట్టుకున్న మనుషులు ఎక్కడో ఒకచోట ఒక అందమైన వస్తువు తయారుకావాలని కోరుకోవటం నాకు అర్థమవుతుంది. ఆ కోరికను వెక్కిరించే సాహిత్యం ప్రజాసాహిత్యం అనిపించుకోదు. ఆ 350 మందికీ న్యాయం జరిగిందని నేను యోగ్యతాపత్రం ఇవ్వటం లేదు. ఎంతటి గౌనుకైనా తగినన్ని చేతులూ, తగినన్ని వారాలూ కేటాయించటం సాధ్యమేనని మాత్రం ఆ లెక్క చెబుతున్నది.

ఇక కుట్టే మనిషి వైపునుంచి చూద్దాం. ఆ మనిషిని ఎప్పుడూ దయనీయంగా, దీపం ముందు దగ్గుతూ చూపించటం మనకు అలవాటైపోయింది. అందమైన గౌనును కుట్టటంలో ఆమెకు సంతోషం ఉండదా? తప్పకుండా ఉంటుంది. అమెరికాలో ఆన్ కోల్ లో అనే నల్లజాతి స్త్రీ ఇందుకు సాక్ష్యం. అలబామా రాష్ట్రంలో, బానిసత్వంలో పుట్టినవారి వంశంలో, కుట్టుపని చేసే తల్లి చేతికింద ఆమె ఆ విద్య నేర్చుకున్నది. తల్లి హఠాత్తుగా చనిపోతే, గవర్నరు భార్యకోసం తల్లి సగంలో విడిచిన గౌన్లను ఆమె పూర్తిచేసింది. తరవాత న్యూయార్కులో కుట్టువిద్య పాఠశాలలో చేరితే, నల్లపిల్ల కనక వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. అదే ఊళ్లో తరవాత సంపన్నుల ఆడపిల్లల నాట్యసభలకు గౌన్లు కుట్టి ఆమె పేరు తెచ్చుకున్నది. ఆమెది తన పనిని ప్రేమించిన చేయి.

1953 సెప్టెంబరు 12న న్యూపోర్టులో జాన్ కెనడీతో జాక్విలిన్ పెళ్లి జరిగింది. పెళ్లికూతురి గౌనూ, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లూ కుట్టింది ఈమే. పెళ్లికూతురి గౌనుకు 50 గజాల పట్టుబట్ట పట్టింది. పెళ్లి ఇంకా పది రోజులుందనగా పనిశాలలోకి నీళ్లు వచ్చి పది గౌన్లు పాడైపోయాయి. అందులో పెళ్లికూతురిదీ ఒకటి. రెండు నెలల పనిని ఆ పది రోజుల్లో మళ్లీ చేసి ఇచ్చింది. 700 డాలర్లు లాభం రావలసినచోట 2,200 డాలర్లు నష్టం వచ్చింది. ఆ సంగతి పెళ్లివారికి చెప్పనే లేదు. పెళ్లి వార్తలు దేశమంతటా వచ్చాయి. ఆమె పేరు దాదాపు ఎక్కడా రాలేదు. 1961లో ఒక పత్రిక ఆ గౌను కుట్టినది ఎవరో నల్లజాతి కుట్టుపనిమనిషి అన్నట్టుగా రాస్తే, ఆమె బాధపడి జాక్విలిన్‌కు ఉత్తరం రాసింది. ఆమె 1981లో చనిపోయింది. ఇప్పుడు ఆమె గౌన్లు మ్యూజియములలో ఉన్నాయి.

ఈ కథను నేర్పుకూ, పట్టుదలకూ నిదర్శనంగా చెబుతుంటారు. అది నిదర్శనమే. అయితే నన్ను ఆపివేసిన విషయం వేరే ఉన్నది. నీళ్లు రావటం ఎవరి తప్పూ కాదు. పెళ్లితేదీ మార్చలేకపోవటమూ సహజమే. మరి నష్టం ఎవరు భరించాలి? కోట్ల ఆస్తి ఉన్న రెండు కుటుంబాలు ఒకవైపు ఉన్నాయి. గౌనుకింత అని తీసుకుని పనివాళ్లకు జీతాలిచ్చుకునే ఒక స్త్రీ మరొకవైపు ఉన్నది. నష్టమంతా ఆ స్త్రీ నెత్తిన పడింది. పడటమేగాదు, "ఇలా జరిగింది" అని నోరు విప్పే వీలు కూడా ఆమెకు లేకపోయింది. చెబితే మళ్లీ పని రాదు. నల్లజాతి మనిషి కనక ఆ భయం రెండింతలయింది. అందం మీద ఆమెకు ఉన్న ప్రేమనే ఆమెకు సంకెల చేశారు. పని మీద ప్రేమ ఉన్నవాళ్లను దోచుకోవటం ప్రేమ లేనివాళ్లను దోచుకోవటంకంటె సులువు. ఈ మాట కళాకారులందరికీ వర్తిస్తుంది, రచయితలతో సహా.

మేరీ ఆన్ గంటలను మితిమీరి పిండారు. ఆన్ చేసిన రెండోసారి పనికి విలువ కట్టలేదు. మూడో పద్ధతి ఒకటి ఉన్నది. గంటలను అసలు గంటలుగా ఒప్పుకోకపోవటం. దీనికి ఉదాహరణ మన పశ్చిమగోదావరిలోనే ఉన్నది. నర్సాపురం ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దిలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక పెద్ద ఎగుమతి వ్యాపారంగా పెరిగింది. పాశ్చాత్యదేశాల విందుబల్లలమీద పరిచే లేసుగుడ్డలెన్నో ఆ ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లో తయారయ్యాయి. జర్మను పండితురాలు మారియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. ఆమె తేల్చిన ముఖ్యవిషయం ఇది: అల్లేవాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పనిచేస్తున్నా వారిని కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. వాళ్లు "గృహిణులు", లేసు వాళ్ల "తీరికవేళ పని" అన్నారు. కార్మికురాలు కాదు కనక కనీస వేతనం లేదు. తీరిక కనక గంటలు లేవు. లండనులో నిద్రను దొంగిలించారు. ఇక్కడ తీరిక అనే పేరు పెట్టి పూటకుపూటనే దొంగిలించారు. ఇళ్లలో కూర్చుని పనిచేసేవారికి కూడా మిగతా కార్మికులతో సమానమైన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడికను ఆమోదించింది. దాన్ని ధ్రువీకరించిన దేశాల సంఖ్య చాలా తక్కువ. వాటిలో మన దేశం లేదు.

ఇవాళ ప్యారిసులోని పెద్ద సంస్థలు తమ గౌన్లమీది పూసలపనినీ, జరీపనినీ ముంబయి పనిశాలల్లో చేయించుకుంటున్నాయి. ఒకప్పుడు ఈ సంగతి బయటికి చెప్పేవారు కారు. 2023 మార్చి 30న డియోర్ సంస్థ ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు తన దుస్తుల ప్రదర్శన జరిపి, ఆ పని చేసిన పనిశాల పేరు బాహాటంగా చెప్పింది. ఇది మంచిదే. పేరు చెప్పటం న్యాయానికి మొదటి మెట్టు. కాని పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు. చట్రానికి బిగించిన బట్టమీద వంగి పూసలు కుట్టే మనిషికి ఎన్ని గంటలకు ఎంత ముట్టింది, తేదీ ముందుకు జరిగితే ఆ రాత్రి ఎవరు మేలుకున్నారు అనే లెక్క కూడా పేరుతోపాటు రావాలి.

ఆ చట్రాన్నే మన ఊళ్లలో మగ్గం అంటున్నాం. ప్యారిసు గౌనుమీద పడే కుట్టూ, మన పెళ్లికూతురి రవికెమీద పడే కుట్టూ ఒకే జాతివి. మనకు రాచవిందులు లేకపోవచ్చు, ముహూర్తాలున్నాయి. ముహూర్తం కదలదు. దానికి తోడు శ్రావణం రాగానే ఊరందరి ముహూర్తాలూ ఒక్కసారే వస్తాయి. లండనులో విందుల కాలం చేసిన పని ఇక్కడ పంచాంగం చేస్తున్నది. మా వీధిలో రవికెలు కుట్టే ఒకావిడ తన దుకాణం గోడకు ఒక అట్ట తగిలించింది. ముహూర్తానికి పదిహేను రోజుల ముందు ఇవ్వని బట్టను తీసుకోనని దానిమీద రాసి ఉన్నది. బతిమాలటానికి వచ్చినవాళ్లతో ఆవిడ, "పెళ్లి మీదేనమ్మా, కళ్లు మాత్రం నావి" అంటుంది. ఆ మాట అనగలగటానికి ఆవిడకు చాలినంత పని ఉన్నది, సొంత దుకాణం ఉన్నది. ఆవిడ దగ్గర ముక్కకింత అని తీసుకుని కాజాలూ, హుక్కులూ కుట్టుకుపోయే పిల్ల ఆ మాట అనలేదు. అంటే ఆ పని మరొకరికి పోతుంది.

ఈ తేడాలోనే నా ప్రశ్నకు జవాబు ఉన్నదని నేను అనుకుంటున్నాను. అందానికి పాపం అంటుతుందా అని అడగటంకంటె, ఆ అందాన్ని తయారుచేసిన మనిషికి "రేపటికి కాదు, పై వారానికి" అని చెప్పే శక్తి ఉన్నదా అని అడగాలి. ఆ మాట చెప్పి కూడా ఆమె పని ఊడకుండా ఉన్నదా? తేదీని నిజంగా మార్చలేనప్పుడు అందువల్ల పెరిగే భారాన్నీ, నష్టాన్నీ కుట్టించుకునేవారు పంచుకుంటున్నారా? ఉన్నది, పంచుకుంటున్నారు అనే జవాబు వస్తే ఆ గౌను ఎంత ఆడంబరమైనదైనా నాకు అభ్యంతరం లేదు. దాన్ని చూసి నేను కూడా ఆనందిస్తాను. రాదు అంటే, అది ముతక చొక్కా అయినా సరే, దాని ధర ఇంకా పూర్తిగా చెల్లలేదన్నమాట.

ఆ శక్తి దయవల్ల రాదు, ఖాతాదారుల మంచితనంవల్ల రాదు. సంఘంవల్ల వస్తుంది, చట్టంవల్ల వస్తుంది, ఇంట్లో చేసిన పనిని కూడా పనిగా లెక్కకట్టటంవల్ల వస్తుంది. ఇందులో రచయితల పని కూడా కొంత ఉన్నది. కుట్టుపనిమనిషిమీద మనం కథలూ, గేయాలూ చాలా రాశాం. ఇక రాసేటప్పుడు ఆమె కన్నీటిని మాత్రమే గాక ఆమె గంటలను కూడా లెక్కపెట్టి రాయాలి. ఎన్ని గంటలకు ఏమి ముట్టింది, గడువు ఎవరు పెట్టారు, కాదనే హక్కు ఆమెకు ఉన్నదా లేదా అన్నది పాఠకుడికి తెలియజెప్పాలి.